మా నెత్తురులో లేనిది

నేను బాగానే ఉన్నాను. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది కుదురుగా చెప్పగలను. చౌరస్తాలో తెలిసినవాళ్ళు ఎవరు కనబడినా ఇప్పటికీ నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, ఎట్లున్నవమ్మా అని అడుగుతారు. అపెండిక్స్ ఆపరేషన్‌కు పోయి సచ్చి బతికిందట అని బజారంతా పాకింది. నేను చావలేదు. కానీ ఆ మధ్యాహ్నం నాకేమైందో, ఎందుకట్లా అయిందో తెలుసుకోవడానికి నెలలు పట్టింది. అది ముందే తెలియకపోవడం వల్ల మా ఇంట్లో ఎంత నష్టం జరిగిందో చూశాక, నలుగురికీ చెప్పకుండా ఊరుకోవడం న్యాయం కాదనిపించింది. రాస్తుంటే నా భయం కూడా కొంచెం కొంచెంగా సద్దుమణుగుతోంది.

ఆషాఢం

మాది వరంగల్ బజారులో జంపఖానాల దుకాణం. కొత్తవాడ మగ్గాల మీద నేసినవి తెచ్చి అమ్ముతాం. నాకు నలభై దాటాయి. ఇద్దరు పిల్లలు, కాన్పులు రెండూ మామూలుగానే అయ్యాయి. జ్వరం వస్తే గోళీ వేసుకోవడమే తప్ప మంచం పట్టిన మనిషిని కాను.

ముందు రోజు సాయంత్రం బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి, తెల్లారేసరికి కుడివైపుకు దిగి నన్ను నిటారుగా నిలబడనీయలేదు. మా ఆయన ఆటోలో హన్మకొండలోని ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయారు. స్కానింగ్ తీసి, అపెండిక్స్ పగిలేలా ఉంది, ఆలస్యం చేయొద్దన్నారు. ఫోన్ చేస్తే మా అన్న సత్యం స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రైలెక్కి వచ్చేశాడు. అక్కడ అన్నకు కిరాణా కొట్టు ఉంది. నాన్న పోయినప్పటి నుంచి పుట్టింటి తరఫున నాకు పెద్దదిక్కు అన్నే.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు వచ్చింది. పేరు మాధురి. చిన్న వయసే, మాటలో కోస్తా యాస. మంచం పక్కన నిలబడి, ఎప్పుడు తిన్నాను, షుగర్ ఉందా, పళ్ళేమైనా కదులుతున్నాయా అని ఓపికగా అడిగింది. చివర్లో, మీ ఇళ్ళలో ఎవరికైనా ఆపరేషన్ అప్పుడు మత్తుమందుతో ఇబ్బంది అయిందా అని అడిగింది. నొప్పితో నాకు ఏ ఆలోచనా సాగడం లేదు. అన్న వైపు చూశాను. అసోంటిదేం లేదు మేడం, అన్నాడు అన్న. ఆమె ఇంకేదో అడగబోయి ఆగిపోయినట్టు లీలగా గుర్తుంది.

ముఖం మీద మాస్కు పెట్టారు. అంతవరకే తెలుసు.

తిరిగి మొదట వచ్చినవి చెవులు. ఎవరో గిన్నెలాంటిది కింద పెట్టిన చప్పుడు. ఆపరేషన్ అయిపోయినట్టుంది అనుకున్నాను. కళ్ళు తెరవబోయాను. రెప్పలు రాలేదు. చెయ్యి ఎత్తబోయాను. అది ఎక్కడుందో తెలుస్తోంది, పొట్ట మీద కుట్ల మంట తెలుస్తోంది, కానీ నేను చెప్పిన మాట ఒళ్ళు వినడం లేదు. ఊపిరి తీసుకోబోయాను. అదీ నా చేతిలో లేదు. గొంతులో ఏదో గొట్టం, దాంట్లోంచి గాలి దానంతటది తోసుకొచ్చి, దానంతటది పోతోంది. నాకు కావాలనిపించినప్పుడు రాదు. ఒకసారికీ ఇంకోసారికీ మధ్య ఉండే ఆ ఖాళీలో ప్రతిసారీ, ఇక ఇంతే, అనుకున్నాను.

ఈమె ఇంకా లేవట్లేదేంటి అని ఎవరో అన్నారు. బీపీ పెరుగుతోందన్నారు ఇంకెవరో. నాకు వచ్చిన ఆలోచన చెప్తే నవ్వుతారేమో. నేను చచ్చిపోయాననీ, చచ్చాక ఇట్లాగే ఉంటుందనీ, ఎవరికీ తెలియదు కాబట్టి ఇట్లాగే తీసుకుపోయి కాల్చేస్తారనీ అనుకున్నాను. మంట తెలుస్తుంది కదా అనుకున్నాను. అరవాలని ఎంత గింజుకున్నానో నాకే తెలుసు. బయటికి చూసేవాళ్ళకు నేను హాయిగా నిద్రపోతున్న మనిషిని.

నేను నిద్రలో లేనని పసిగట్టింది రజిత సిస్టర్. పరకాల దగ్గరి పల్లె అమ్మాయి. నా కంటికొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయట. మేడం, ఈమెకు మెలకువ ఉన్నది, అని గట్టిగా పిలిచింది. వెంటనే నా చెంప తుడిచి, చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడింది.

"అమ్మా, మీకు ఇనబడ్తాందని నాకు ఎరుకైంది. మీకేం గాలే. ఆపరేషన్ మంచిగైంది. ఒళ్ళు ఒక్కటి ఇంక మేల్కోలే, గంతే. మిషన్ ఊపిరి ఇస్తాంది, జర దాంతోనే పోనియ్యండ్రి. నేను ఈడనే ఉన్న."

బతికే ఉన్నానని నాకు ఆమె చెప్పింది. అంతకంటే పెద్ద మాట నాకు ఈ జన్మలో ఎవరూ చెప్పలేదు. ఆమె నా చేతిని పట్టుకున్న పట్టు వదలకుండా, బయట వాన పడుతోందని, మా ఆయన హాల్లోనే ఉన్నాడని, అట్లా ఏవేవో చెబుతూ పోయింది. కాసేపటికి మాధురి గొంతు వినిపించింది. కండరాలు మందును ఇంకా వదల్లేదని, నిద్రమందు ఇస్తున్నానని, లేచేసరికి కదలగలుగుతానని చెప్పింది. తర్వాత నిజంగానే నిద్ర వచ్చింది.

బయట జరిగింది మా ఆయన తర్వాత చెప్పారు. ఆలస్యమైన కొద్దీ హాల్లో మా బంధువులు, బజారువాళ్ళు పోగయ్యారు. చెల్లెను చంపి దాస్తున్నారని అన్న కేకలు పెట్టాడు. ఎవరో కుర్చీ ఎత్తి నేలకేసి కొట్టారు. ఆ గలాటాలోకి మాధురి బయటికొచ్చి మా ఆయన ముందు నిలబడి, "మీరు ఏమోళ్ళండి?" అని అడిగిందట.

"పానం పోతాంటే కులం అడుగుతానవా?" అని అన్న ఆమె మీదికి పోయాడు. పక్కవాళ్ళు పట్టుకోకపోతే లేచిన చెయ్యి పడేదే. మా ఆయన మాత్రం ఆమె ముఖం చూసి, వైశ్యులమండీ అని నెమ్మదిగా చెప్పారు. ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, లోపలికి పరుగెత్తింది. నేను పూర్తిగా లేచేవరకూ నా పక్కనుంచి కదల్లేదు.

సాయంత్రానికి నా చూపుడువేలు కదిలింది. తర్వాత తల ఎత్తగలిగాను. గొట్టం తీశాక నా అంతట నేను పీల్చిన మొదటి ఊపిరి గొంతులో కారం రాసినట్టు మండింది. ఇంకా కావాలనిపించింది.

శ్రావణం

కుట్లు తొందరగానే మానాయి. నిద్రంటే భయం మాత్రం మానలేదు. కళ్ళు మూతపడుతుంటే మళ్ళీ తెరుచుకోవేమోనని ఉలిక్కిపడి లేచేదాన్ని. ఒంటి మీద దుప్పటి ఉంటే తోసేసేదాన్ని. మా ఆయన పక్కన కూర్చుని, నిద్రపో, నేను చూస్తాంట అనేవారు. పగలంతా దుకాణం చూసుకుని వచ్చిన మనిషి కూర్చున్నచోటే తూగేవారు. పిల్లలు నాతో మామూలుగా మాట్లాడడానికి కూడా జంకారు.

ఇంకోపక్క ఇంట్లో గొడవ. ఆ డాక్టరు మీద కేసు పెట్టాల్సిందేనని అన్న. మనిషి దక్కింది, అదే చాలని మా ఆయన. ఇద్దరూ ముభావంగా తయారయ్యారు. నేను ఎవరి వైపూ మాట్లాడలేకపోయాను.

ఈ మధ్యలో మాధురి ఫోన్ చేసి రక్తపరీక్ష చేయించుకోమంది. నమూనా హైదరాబాదు పంపారు. ఫలితం వచ్చిన రోజు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఆపరేషన్ మొదట్లో, గొట్టం వేయడానికి, కండరాలను ఒక్కసారిగా వదులు చేసే మందు ఒకటి ఇస్తారు. ఆ మందును విరగ్గొట్టే పదార్థం అందరి రక్తంలోనూ ఉంటుంది, అందుకే కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది. నా రక్తంలో అది లేదు. మత్తు దిగిపోయినా ఆ మందు దిగలేదు. అందుకే మనసుకు మెలకువ వచ్చింది, ఒంటికి రాలేదు. ఇది జబ్బు కాదనీ, ఆ మందు ఒంట్లోకి పోనంతవరకూ నూరేళ్ళు బతికినా ఉన్నట్టే తెలియదనీ చెప్పింది. మీ వైశ్యుల్లో మిగతావాళ్ళకంటే ఎక్కువగా కనిపిస్తుందని చదువుకున్నానంది.

చదువుకున్నరు కదా, మరి ముందే అడగకపోయిన్రా అని మా ఆయన అన్నారు. కోపంగా కాదు, తెలుసుకోవాలనే.

"అడగబోయానండి. మంచం మీదున్న మనిషిని కులం అడగడం తప్పనిపించింది. నోరు రాలేదు," అంది ఆమె. అంతకుమించి తనను తాను సమర్థించుకోలేదు. ఆ రోజు నుంచి తనకూ సరిగా నిద్ర లేదని, వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర నాకు మాత్రమే వినబడేట్టు చెప్పింది.

బతుకమ్మ ముందు

మాధురి ద్వారానే, జన్యువుల మీద పరిశోధన చేసే ఒక మేడం హైదరాబాదు నుంచి మా వైశ్య సంఘం భవనానికి వచ్చారు. నెరిసిన జుట్టు, నూలు చీర, గట్టి గొంతు. హాలు సగం నిండింది. నేనూ మా ఆయనా ముందు వరసలో కూర్చున్నాం. నేను బతిమాలితే అన్నా వచ్చాడు, ముఖం ముడుచుకుని.

ఒకాయన లేచి, మేనరికాలు మానేస్తే ఇది పోతదా అని అడిగాడు. మా అమ్మానాన్నలకు పెళ్ళికి ముందు ఏ చుట్టరికమూ లేదు కాబట్టి, మరి నాకెట్లా వచ్చిందని నాకూ సందేహమే. ఆ మేడం చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తున్నాను. ఎన్నో తరాల కింద కొద్దిమంది మనుషులు ఒక గుంపుగా ఏర్పడి, ఆ గుంపులోనే పిల్లనిచ్చి పుచ్చుకోవడం మొదలుపెట్టారు. ఆ కొద్దిమందిలో ఎవరో ఒకరి జన్యువులో ఈ చిన్న మార్పు ఉండి ఉంటుంది. గుంపు పెరిగి వేలు, లక్షలైనా తలుపులు మూసే ఉన్నాయి కాబట్టి, అదీ లోపలే పెరిగింది. ఏ ఇద్దరు ఆలుమగలూ దగ్గరి చుట్టాలు కానక్కరలేదు, చాలా వెనక్కి పోతే అందరూ ఆ కొద్దిమంది పిల్లలే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ మార్పున్నవే వస్తే నాలా అవుతుంది.

మరి ఇన్ని తరాల్లో ప్రకృతి దీన్ని ఏరి పారేయలేదా అని మా ఆయన అడిగారు.

"ప్రకృతి జల్లెడ పట్టేది, బతకడానికి అడ్డం వచ్చేదాన్నే. దీంతో ఎవరి బతుక్కీ అడ్డం రాలేదు కదా, ఆ మందును మనిషి కనిపెట్టేదాకా. మీ పూర్వీకులెవరికీ ఇది లోపం కాదు. మీకే అయింది," అన్నారామె.

వెనక నుంచి అన్న లేచాడు. "మా కులానికే రోగం అంటగడ్తాండ్రు. రేపు మాతోని ఎవరు సంబంధం కలుపుకుంటరు?" అన్నాడు. చాలామంది తలలూపారు. ఆ మేడం నొచ్చుకోలేదు. ఈమధ్య దేశంలో ఎన్నో కులాలవాళ్ళ, తెగలవాళ్ళ జన్యువులను మొత్తంగా చదువుతున్నారనీ, తలుపులు మూసుకున్న ప్రతి గుంపులోనూ ఇలాంటిదేదో ఒకటి బయటపడుతోందనీ, తన కులంలోనూ ఉందనీ చెప్పారు. ఒకరికి ఇది, ఇంకొకరికి ఇంకొకటి. మీది తెలిసింది కాబట్టి మీ ప్రాణాలు కాపాడుకోవడం తేలిక, అన్నారు. తర్వాత, మీ ఇళ్ళలో ఆపరేషన్ బల్ల మీదే పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు.

మొదట ఒక ముసలామె చెయ్యి ఎత్తింది. తర్వాత స్తంభం పక్కన ఒకాయన. ఆ తర్వాత ఇంకొకరు. నేను వెనక్కి తిరిగి అన్నను చూశాను. అన్న నేల చూస్తున్నాడు. అప్పుడు నాకు మా బాబాయి గుర్తొచ్చాడు.

నాన్న తమ్ముడు. నేను బాగా చిన్నగా ఉన్నప్పుడు ఏదో చిన్న ఆపరేషన్‌కు పోయి తిరిగి రాలేదు. గుండె ఆగిందని మాతో చెప్పారు. ఆపరేషన్ వద్దు, నాటుమందు వాడుదామని నానమ్మ అంటే, వినకుండా దవాఖానకు తీసుకుపోయింది మా చిన్నమ్మ అనసూయ. మొగుణ్ని కోయించి చంపుకున్నదని ఆమె మీద పడిన మాట మళ్ళీ తొలగలేదు. పిల్లలు లేరు. పండుగలకూ పెళ్ళిళ్ళకూ పిలుపులు తగ్గి, చివరికి ఆమె పేరెత్తడమే మానేశారు. స్టేషన్ ఘన్‌పూర్‌లోనే, అన్న కొట్టుకు నాలుగు వీధుల అవతల, బడి ఎదురుగా జిరాక్సు దుకాణం పెట్టుకుని ఒక్కతే బతుకుతోంది.

నేను అన్నను పిలిచేలోగా అన్న లేచి బయటికి పోయాడు. ఆ రోజు అక్కడే పరీక్షకు రక్తం తీసుకున్నారు, అన్న ఇవ్వలేదు. అన్నకు గిలక దిగింది, అంటే హెర్నియా, నడుముకు బెల్టు కట్టుకుని తిరుగుతున్నాడు. కార్తీకంలో ఆపరేషన్ చేయించుకోవాలని అనుకున్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పరీక్ష లేకుండా అన్నను ఆ బల్ల మీదికి పోనివ్వకూడదనుకున్నాను.

కార్తీకం

చిన్నమ్మ దగ్గరికి నేనూ మా ఆయనా పోయాం. బడి వదిలే వేళ కాదు కాబట్టి దుకాణం ఖాళీగా ఉంది. ఆమె నన్ను గుర్తుపట్టి స్టూలు తుడిచి వేసింది. నాకు జరిగింది చెప్పాను. మెలకువ వచ్చి కదల్లేకపోయినప్పటి సంగతి చెబుతుంటే తల పక్కకు తిప్పుకుంది. నాకు అర్థమైంది. బాబాయి కూడా అట్లా విన్నాడేమో అనుకుంటోంది. ఆయనకు ఏం జరిగిందో ఎవరూ తేల్చలేరనీ, కానీ ఇది నెత్తురులో వచ్చినదే అయి ఉంటుందని మత్తు డాక్టరూ, హైదరాబాదు మేడమూ అంటున్నారనీ, నువ్వు తీసుకుపోవడం వల్ల పోలేదనీ చెప్పాను.

ఏడుస్తుందనుకున్నాను. చాలాసేపు జిరాక్సు కాగితాలు సర్దింది. "గట్లయితే ఆ డాక్టరుది గూడ తప్పు లేదన్నట్టేనా?" అని అడిగింది.

ఏ డాక్టరు అన్నాను.

"మీ బాబాయికి మత్తిచ్చినాయన. మనోళ్ళంత పోయి దవాఖాన అద్దాలు పలగ్గొట్టిండ్రు. ఆయన నా ముంగట దండం పెట్టి ఏడ్సిండు. నేను మొకం మీద ఊంచిన. ఊరిడ్సి పోయిండు. ఇప్పుడు ఆయనకు ఎవరు చెప్తరు బిడ్డా?"

ఆయన పేరు కూడా ఆమెకు తెలియదు.

అన్న రక్తపరీక్షకు ఒప్పుకోవడం లేదని చెప్పాను. చిన్నమ్మ షట్టరు దించి, మాతో నడిచి అన్న కొట్టుకు వచ్చింది. ఎన్నేళ్ళకో ఆమె ఆ గడప ముందు నిలబడితే అన్న గల్లా దగ్గరి నుంచి లేచి నిలబడిపోయాడు. లోపలికి రమ్మనాలో వద్దో కూడా తోచలేదు.

"మీ బాబాయి నెత్తురు సూసే దారి లేకపాయె సత్తెం. నీది సూడొచ్చు కదరా," అంది. అన్న కూర్చోమని స్టూలు జరిపాడు. ఆమె కూర్చుంది.

మర్నాడు అన్న రక్తం ఇచ్చాడు. ఫలితం నాలాగే వచ్చింది. మా అమ్మాయికీ అదే ఉందని, అబ్బాయికి నా వైపు నుంచి వచ్చిన సగమే ఉందని తర్వాత తెలిసింది. అమ్మాయి పర్సులో, నా పర్సులో, అన్న జేబులో ఇప్పుడు, ఆ మందు ఇవ్వకూడదని మాధురి రాసిచ్చిన కార్డులు ఉన్నాయి.

అన్న ఆపరేషన్ హైదరాబాదులో జరిగింది. అక్కడి మత్తు డాక్టరు అడగకముందే అన్న తన కార్డు చేతిలో పెట్టాడట. అవసరమైతే ఆ మందుకు బదులు ఇవ్వడానికి వేరే మందులున్నాయి, భయం లేదన్నారట. పొద్దున లోపలికి పోయిన మనిషి మధ్యాహ్నానికి బయటికొచ్చి, కళ్ళు తెరిచి వదినను చూసి, ఆకలైతాంది అన్నాడు. ఇది చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే. మీ ఇంట్లో ఎవరైనా అట్లా పోయి ఉంటే, ఆ మాట దాచకండి. అడిగినా అడగకపోయినా డాక్టరుకు చెప్పండి. ఏమోళ్ళు అని అడిగితే ఒకసారికి నొచ్చుకోకుండా జవాబివ్వండి.

మాఘం

అన్న నడవగలిగాక, చిన్నమ్మ ఒకటే పట్టు పట్టింది. మాధురిని చూడాలంది. అన్న రానంటాడనుకున్నాను. చిన్నమ్మ కంటే ముందే బట్టలు వేసుకుని ఘన్‌పూర్ స్టేషన్లో నిలబడ్డాడట.

దవాఖాన హాల్లో అవే కుర్చీలు. మాధురి ఆపరేషన్ థియేటర్ నుంచి ఆకుపచ్చ బట్టల్లోనే వచ్చింది. అన్నను చూసి ఆమె అడుగు వెనక్కి వేయడం నేను గమనించాను. అన్నా గమనించాడు.

చిన్నమ్మ ముందుకు పోయి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. తానెవరో, భర్త ఎట్లా పోయాడో, ఆ డాక్టరును ఏం చేశారో నిలబడే చెప్పింది. "నీ తప్పు లేదు బిడ్డా. ఆయనకు ఈ మాట చెప్పేటోళ్ళు లేకపాయిరి. నువ్వన్న ఇను," అంది.

"నేను ఇంకో మాట అడగాల్సిందండి," అంది మాధురి.

"నువ్వు అడిగినవ్ మేడం," అన్నాడు అన్న. "మీ ఇంట్ల ఎవరికన్న అయిందా అని నన్నే అడిగినవ్. మా బాబాయి నా మతికొచ్చిండు. మా ఇంట్ల ఆ మాట ఎవరం తియ్యం. లేదని చెప్పిన. గంత చేసి నీ మీదికే చెయ్యి లేపిన."

నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. కోపం వస్తుందేమోనని చూసుకున్నాను, రాలేదు. అన్న చేతులు జోడించబోతే మాధురి ఆపింది. పక్క కుర్చీలో కూర్చుండిపోయింది. చిన్నమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. అంతలో రజిత సిస్టర్ తలుపు తీసి, పేషెంటు రెడీ అని చెప్పింది. నన్ను చూసి నవ్వింది. మాధురి ముఖం తుడుచుకుని లేచి లోపలికి పోయింది. ఆమె నడకలో తడబాటు లేదు.

ఇగ పోదామా, రైలు ఉంది, అన్నాడు అన్న.

చిన్నమ్మ కదల్లేదు. ఎదుటి కుర్చీలో ఎవరో పల్లెటూరి తల్లి చీర చెంగు నోట్లో కుక్కుకుని తలుపు వంకే చూస్తోంది. లోపలున్నది ఆమె కొడుకట. చిన్నమ్మ పోయి ఆమె పక్కన కూర్చుంది.

"లోపలున్నోడు లేసినంక పోదాం," అంది.

మేమూ కూర్చున్నాం. రైలు పోయింది. చాలాసేపటికి తలుపు తెరుచుకుని స్ట్రెచర్ బయటికొచ్చింది. ఆ పిల్లవాడు కళ్ళు సగం తెరిచి, అమ్మా నీళ్ళు, అన్నాడు. చిన్నమ్మ అప్పుడు లేచి, చెప్పులేసుకుంది.